కన్యాశుల్కం పోయి కట్నం వచ్చింది. మరి ఆ నాటకం మనలో ఏం మార్చినట్టు?

గోదారిగట్టు
శనివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. ఈ మాట ఎక్కడో ఒకచోట అడగకపోతే ఈ రాత్రి కూడా నిద్ర పట్టేలా లేదు.

నిన్న మా అక్క ఇంట్లో పెళ్లి మాటలు. మా మేనల్లుడికి సంబంధం కుదిరింది. అబ్బాయి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. అమ్మాయీ అదే ఉద్యోగం, జీతాల్లో ఇద్దరికీ పెద్ద తేడా లేదు. కాఫీలయ్యాక మా బావగారు "మాకేం ఆశ లేదండీ, మీ అమ్మాయికి మీరేం పెట్టుకుంటారో మీ ఇష్టం" అన్నారు. అమ్మాయి తండ్రి చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీశారు. అంకెలు ఇంటి దగ్గరే వేసుకుని వచ్చారు. ఎకరం పొలం, ఇంత నగదు, ఇంత బంగారం, ఆడపడుచు లాంఛనాలు. అక్క ఆ కాగితం పైనుంచి కిందిదాకా చదివి, కారు మాట ఎత్తింది. ఆయన ఒక్క క్షణం ఆగి, పెన్ను ఉందా అని అడిగారు. ఎవరి దగ్గరా లేదు. నా జేబులోది తీసి నేనే ఇచ్చాను.

ముప్ఫై ఏళ్లు కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ని. దాదాపు ప్రతి ఏడూ గురజాడ రాసిన కన్యాశుల్కం నాటకం పాఠం చెప్పాను. అగ్నిహోత్రావధానులు తన చిన్నకూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి పద్దెనిమిది వందలకి ఖాయం చేసుకున్న ఘట్టం వచ్చినప్పుడు, ఏ తండ్రి అయినా ఇలా చేస్తాడా అని పిల్లల్ని అడిగేవాణ్ని. వాళ్లు చెయ్యడు అనేవారు. నిన్న కారు ధర రాసింది నా పెన్నుతో.

ఇంటికొచ్చి పుస్తకం తీశాను. ఇలాంటి ఆచారాలను ఎండగట్టి, ఉన్నతమైన నీతిని జనంలోకి తీసుకెళ్లడం కంటే సాహిత్యానికి గొప్ప పని లేదని గురజాడ తొలి కూర్పు ఇంగ్లిష్ ముందుమాటలో రాశారు. ఆయన నమ్మి రాసిన మాట. నేనూ నమ్మి చెప్పిన మాట. నూట పాతికేళ్లు దాటాయి. ఆడపిల్లకి డబ్బు పుచ్చుకోవడం పోయింది, మగపిల్లాడికి పుచ్చుకోవడం వచ్చింది. సాహిత్యం నిజంగా మనిషి బుద్ధిని మార్చగలదా? మీ అనుభవంలో ఎక్కడైనా మార్చిందా? పుస్తకాల పేర్ల కంటే మీరు కళ్లారా చూసింది చెబితే మేలు.


లెక్కల మాస్టారు
శనివారం, రాత్రి 10:02

గోదారిగట్టు గారూ, ఆ ముందుమాటలోనే ఒక లెక్క ఉంది. చాలామంది దాన్ని దాటేసి నాటకంలోకి వెళ్లిపోతారు. ముందు అది చూద్దాం.

విజయనగరం మహారాజు ఆనంద గజపతి విశాఖపట్నం జిల్లాలో కన్యాశుల్కం పెళ్లిళ్ల జాబితా ఒకటి తయారు చేయించారు. మూడేళ్లలో లెక్కకెక్కిన పెళ్లిళ్లు 1034. అంటే ఏడాదికి సుమారు 344. వీటిలో అయిదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు. ఏడాది పసికందులు ముగ్గురు. ఆ ముగ్గురికీ పలికిన ధర తలకి 350 నుంచి 400 రూపాయలు. కడుపులో ఉన్న బిడ్డకి కూడా బేరం కుదుర్చుకునేవారని అక్కడే రాశారు.

కూడితే అయిదేళ్లు, ఆ లోపు పిల్లలు 188 మంది. వందకి పద్దెనిమిది. ఒక్క జిల్లా, అందులోనూ దొరికినంతవరకే.

అందుకే నేను నాటకాన్ని ఒంటరిగా చూడను. ఒక పక్క లెక్కలు తీశారు. మద్రాసు శాసన మండలిలో బిల్లు తేవడానికి మహారాజు ప్రయత్నించారు, అది చట్టం కాలేదు. చట్టం చెయ్యలేని పనిని రంగస్థలానికి అప్పజెప్పారు. జనానికి చదివే అలవాటు వచ్చేదాకా నాటకమే దిక్కు అని గురజాడ లెక్క. 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చయింది, 1909లో దాదాపు తిరగరాసి మళ్లీ వేశారు. బాల్య వివాహాలకి పగ్గం వేసిన శారదా చట్టం 1929 నాటిది. అంటే నాటకం ఆడిన ముప్ఫై ఏడేళ్లకి. ఆ నాటకం వల్లే ఆ చట్టం వచ్చిందని నేను అనను. కానీ ఏడాది పిల్లకి తాళి కట్టడం ఈ రోజు మన ఇళ్లలో ఊహకి కూడా అందదు. అది మార్పు కాదా?


నల్లేరు
శనివారం, రాత్రి 10:40

మాస్టారూ, మీ లెక్క బాగుంది. కానీ తేలిందేమిటి? బేరంలో సరుకు మారింది, బేరం అలాగే ఉంది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని పెద్దలు ఊరికే అనలేదు.

కన్యాశుల్కం అచ్చయి పాతికేళ్లయినా తిరిగాయో లేదో, కాళ్లకూరి నారాయణరావు వరవిక్రయం రాయాల్సి వచ్చింది. పేరులోనే ఉంది, వరుణ్ని అమ్మడం. అందులో కట్నం కోసం తండ్రి పొలం అమ్ముకోవడం చూడలేక కాళింది నూతిలో దూకి చనిపోతుంది. దాన్ని 1939లో సినిమా తీశారు. భానుమతి తొలి సినిమా అదే, ఆమె వేసింది కాళింది పాత్రే. ఊరూరా నాటకం ఆడారు, సినిమా చూశారు, ఏడ్చారు. ఏడ్చి ఇంటికొచ్చి కట్నం పుచ్చుకున్నారు.

మనిషికి ఆశ ఉంది. పక్కవాడి కొడుక్కి ఇంత వచ్చింది, నా కొడుక్కి తగ్గితే నా పరువేంటి అనే గుంజాట ఉంది. ఇంగ్లిష్ చదువు, సర్కారు కొలువు రాగానే పెళ్లికొడుకు రేటు పెరిగింది. ఆ ముందు రోజుల్లో పిల్ల దొరకడం కష్టం, పిల్ల రేటు ఎక్కువ. ఇది సంతలో జరిగేదే. కథలు చదివి సంత మారదు.


ఇజీనారం
ఆదివారం, ఉదయం 6:55

మాది విజయనగరం. గురజాడ వారి ఇంటి మీదుగానే స్కూలుకి వెళ్లి పెరిగాను. నల్లేరు గారి మాటకి జవాబు చెప్పాలనిపించింది.

మా స్కూల్లో ఓ ఏడు ఆ నాటకంలో కొన్ని రంగాలు వేశాం. నేను బుచ్చమ్మని, సుబ్బి అక్కని. రిహార్సల్స్‌లో గిరీశం నోరు తెరిస్తే చాలు, అందరం నవ్వడమే. వాడు అబద్ధాలకోరని తెలుసు, బుచ్చమ్మని మాటల్తో మాయ చేస్తున్నాడని తెలుసు, అయినా వాడొస్తే బాగుండుననిపించేది. మా టీచర్ ఒకరోజు నవ్వు మధ్యలో ఆపి, "ఇప్పుడు బుచ్చమ్మ ఏం చేస్తోంది?" అని అడిగారు. ఎవ్వరం చెప్పలేకపోయాం. వేదిక మీద నిలబడ్డ నాకే తెలీదు, నేనూ గిరీశాన్నే చూస్తున్నాను.

నాకు గురజాడ ముందు నేర్పింది అదే. చెడ్డవాడు కోరలతో రాడు. చదువుకున్నవాడిలా, సంస్కర్తలా, వితంతు వివాహం మీద ఉపన్యాసం ఇస్తూ వస్తాడు. అగ్నిహోత్రావధానులు కూడా తనని తాను దుర్మార్గుణ్ననుకోడు. పెద్దపిల్లని అలాగే ఇచ్చాడు, ఆమె చిన్న వయసులో విధవయింది, రెండోదాన్నీ అలాగే ఇవ్వబోతున్నాడు. వ్యాజ్యాలున్నాయి, డబ్బు కావాలి, లోకం చేస్తున్నదే తనూ చేస్తున్నాడు. "మాకేం ఆశ లేదండీ" అన్న పెద్దమనిషి కూడా తనని మంచివాడనే అనుకుంటాడు కదా. ఆ మాట వినగానే గోదారిగట్టు గారికి ఒళ్లు జలదరించింది. ముప్ఫై ఏళ్లు ఆ నాటకం చెప్పకపోతే జలదరించేదా? అదే గదిలో కూర్చున్న మిగతావాళ్లకి అది మామూలు మర్యాద మాట.


మెతుకుసీమ
ఆదివారం, ఉదయం 11:20

అందరూ ఒక కులంలో, కొన్ని అగ్రహారాల్లో జరిగినదాన్ని మొత్తం తెలుగు సమాజం కథ చేసేస్తున్నారు. కొంచెం ఆగండి.

మా నాయనమ్మ పెళ్లికి మా తాత వాళ్లు ఓలి ఇచ్చారు. కొంత డబ్బు, వడ్లు, ఒక ఆవు. ఆమె దాన్ని అవమానంగా ఎప్పుడూ చెప్పలేదు. "నన్ను ఊకెనే తెచ్చుకోలేదు, ఆవునిచ్చి తెచ్చుకున్రు" అనేది, గర్వంగా. ఆడది పొలంలో మగాడితో సమానంగా కష్టం చేసే ఇళ్లలో, ఆమె వెళ్లిపోతే పుట్టింటికి రెండు చేతులు తగ్గుతాయి. ఓలి ఆ లోటుకి. మొగుడు చనిపోతే మారుమనువు ఉండేది. గుండు చేయించి మూలన కూర్చోబెట్టడం మా వాళ్లలో లేదు.

మరి మా మేనత్త పెళ్లికి వచ్చేసరికి ఓలి పోయింది. మా చిన్నాయన కూతురి పెళ్లికి వచ్చేసరికి బైకు, డబ్బు. మా ఇంట్లో ఎవరూ కన్యాశుల్కం చదవలేదు, చూడలేదు. బోర్లు పడ్డాయి, పిల్లలు చదివారు, కొంచెం చెయ్యి ఆడింది. పైవాళ్లలా బతకాలనిపించింది. పైవాళ్ల నుంచి ముందు నేర్చుకున్నది కట్నం.

కాబట్టి సాహిత్యం ఏం మార్చిందో అడిగేముందు, ఎవరి ఇంటి గురించి రాశారో, ఎవరి ఇల్లు దాంట్లో లేదో కూడా అడగాలి. జాషువా గబ్బిలం కావ్యం 1941లో వచ్చింది. గుళ్లోకి రానివ్వని మనిషి తన మొర శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. గబ్బిలానికి గుళ్లో చోటుంది, మనిషికి లేదు. నేను డిగ్రీలో అది చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు బయట తిరిగొచ్చాను. మా ఊరి గుడి ముందు మా నాయన చెప్పులు చేతబట్టుకుని దూరంగా నిలబడటం నేను చూశాను. ఆ సంగతి పుస్తకంలో రాయదగ్గదని అప్పటిదాకా నాకు తెలీదు.


గోదారిగట్టు
ఆదివారం, మధ్యాహ్నం 2:15

మెతుకుసీమ గారూ, మీరు చెప్పింది నేను ఒక్క ఏడు కూడా క్లాసులో చెప్పలేదు. ఓలి అనే మాట నోట్సులో ఉండేది, అర్థం రాయించి ముందుకి వెళ్లేవాణ్ని. మీ నాయనమ్మ గారి ఆవు గుర్తుంటుంది నాకు.

నల్లేరు గారికి ఒక్క సంగతి. మాది రాజమండ్రి. 1881 డిసెంబర్ 11న వీరేశలింగం గారు ఇక్కడే మొదటి వితంతు వివాహం చేయించారు. దానికి ముందు ఏళ్ల తరబడి తన పత్రిక వివేకవర్ధనిలో రాశారు, ప్రహసనాలు రాశారు. రాతలవరకూ ఊరు ఊరుకుంది. పెళ్లి జరిపేసరికి వంటవాళ్లు రాలేదు, నీళ్లు మోసేవాళ్లు రాలేదు, పురోహితులు వెలి అన్నారు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారు గోదావరికి వెళ్లి తనే బిందెలతో నీళ్లు తెచ్చారు, తనే వంట చేశారు.

ఈ రేవు మీదుగా నడిచినప్పుడల్లా నాకు ఆవిడే గుర్తొస్తుంది. ఆ బిందె లేకపోతే ఆ వ్యాసాలన్నీ కాగితాలుగానే మిగిలేవి. ఆ వ్యాసాలు లేకపోతే ఆ బిందె ఎందుకు మొయ్యాలో ఎవరికీ తెలిసేది కాదు.


వకీలు
ఆదివారం, సాయంత్రం 5:30

కట్నం మీద ఉన్న చట్టం మాట రాలేదు కాబట్టి క్లుప్తంగా. వరకట్న నిషేధ చట్టం 1961 నాటిది. ఇవ్వడం, పుచ్చుకోవడం రెండూ నేరమే. 1986 సవరణ తర్వాత శిక్ష కనీసం అయిదేళ్లు, పదిహేను వేలు లేదా కట్నం విలువ, ఏది ఎక్కువైతే అంత జరిమానా. పెళ్లయిన ఏడేళ్లలో కట్నం వేధింపులతో భార్య చనిపోతే వేరే సెక్షన్, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 80. భర్తా అత్తింటివాళ్లూ పెట్టే క్రూరహింసకి 85.

కానీ నా ఇరవై ఏళ్ల ప్రాక్టీసులో పెళ్లికి ముందు, కాగితం మీద అంకెలు వేసే రోజున ఫిర్యాదు ఇచ్చిన తండ్రిని ఒక్కణ్ని కూడా చూడలేదు. అందరూ కాపురం చెడ్డాకే వస్తారు. అప్పుడు ఆ కాగితం కావాలి. "పడేశామండీ" అంటారు. గోదారిగట్టు గారూ, ఆ కాగితం ఎవరి దగ్గరుంది?


అట్లాంటా అమ్మ
ఆదివారం, రాత్రి 8:05

ఇక్కడా అదే. మా పక్కింటి అబ్బాయికి వీసా స్టాంప్ పడగానే వాళ్లమ్మగారికి ఇండియా నుంచి ఫోన్లు. గ్రీన్ కార్డు వస్తే ఒక మాట, రాకపోతే ఒక మాట. ఇక్కడ వీకెండ్ తెలుగు బడిలో నేను పిల్లలకి చదువు చెబుతాను. కన్యాశుల్కం కథ చెబితే పదకొండేళ్ల పాప "ఆంటీ, సుబ్బిని ఎవరైనా అడిగారా?" అంది. సుబ్బిని ఎవరూ అడగలేదు తల్లీ అన్నాను. ఆ పిల్ల ఇంకేం అడగలేదు, పుస్తకం పక్కన పెట్టి బొమ్మ గీసుకుంది. బొమ్మలో పెళ్లి పందిరి ఉంది, పీటల మీద ఎవరూ లేరు.


ఉదయగిరి
ఆదివారం, రాత్రి 11:48

చాలాసేపు రాయాలా వద్దా అని ఆలోచించాను. గోదారిగట్టు గారు కళ్లారా చూసింది చెప్పమన్నారు కదా, చెబుతాను.

మాది నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతం. నాకప్పుడు ఎనిమిదేళ్లు. సారా ప్యాకెట్లలో వచ్చేది. వారుణి వాహిని అని సర్కారే సరఫరా చేసేది. మంచినీళ్లకి రెండు మైళ్లు నడవాలి, సారా మాత్రం ఇంటి ముందుకొచ్చేది. మా నాయన ప్యాకెట్ మూల పళ్లతో చించి నోట్లో పోసుకునేవాడు. చిరిగిన ఆ ముక్కలు మా ఇంటి వాకిట్లో ఎప్పుడూ ఉండేవి, ఊడిస్తే చీపురుకి అంటుకునేవి. కూలి డబ్బులు ఇవ్వలేదని అమ్మని కొట్టేవాడు. నేను, చెల్లి గొడ్ల సావిడిలో దాక్కునేవాళ్లం.

ఆ రోజుల్లో అక్షర దీపం అని రాత్రి బడులు పెట్టారు. పెట్రోమాక్స్ లైటు, పలకలు, కొంగు నడుముకి చుట్టుకున్న ఆడవాళ్లు. అమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని వెళ్లేది. వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉంది. కూలి చేసుకునే ఆడమనిషి, తాగొచ్చే మొగుడు. పెద్ద పెద్ద మాటలేం లేవు. ఒత్తులు కూడా తక్కువే, అప్పుడే అక్షరాలు నేర్చుకుంటున్నవాళ్ల కోసం రాసింది. ఒక్కొక్కరు వేలు పెట్టి, కూడబలుక్కుని చదివారు. చదవడం అయ్యాక ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకామె "ఇది మా ఇంటి కతే" అంది. ఇంకొకామె "మా ఇంటిది" అంది. అమ్మ ఏమీ అనలేదు. ఇంటికి వస్తూ దారిలో నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, నొప్పెట్టేంత.

1992లో కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఆ కబురు ఊరూరికీ పాకింది. తర్వాత ఆ ఊరి కథే ఇంకో పాఠం అయింది. మా ఊళ్లో ఆడవాళ్లు చీపుర్లు, కారం పొట్లాలు పట్టుకుని సారా జీపుకి అడ్డం కూర్చున్నారు. సారా వేలంపాటలు జరగనివ్వలేదు. కలెక్టర్ ఆఫీసు దాకా నడిచారు. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది.

ఆ సీతమ్మ కథ రాసినవాళ్లెవరో మా అమ్మకి ఈ రోజుకీ తెలీదు. అది సాహిత్యం కిందికి వస్తుందో రాదో పెద్దలు చెప్పాలి. నాకు మాత్రం తెలుగులో అంతకంటే పెద్ద రచన లేదు.


నల్లేరు
సోమవారం, ఉదయం 7:30

ఉదయగిరి గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. చేతులెత్తి దణ్ణం.

అయినా అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. సారా పోయింది, బ్రాందీ షాపులు మిగిలాయి. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం తెచ్చారు, 1997లో ఎత్తేశారు. ఖజానాకి డబ్బు కావాలన్నారు, దొంగసారా పెరిగిందన్నారు. ఈ రోజు ఊరూరా మందు దొరుకుతుంది. మరి ఏం మిగిలింది?


ఉదయగిరి
సోమవారం, రాత్రి 9:15

కోపం ఎందుకండీ. మీ ప్రశ్న ఇవాళ అమ్మకి ఫోన్లో చదివి వినిపించాను. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"పాఠం చదివినాక మాకు కోపం వచ్చిందని ఎవురన్నారయ్యా? కోపం ముందే ఉండె. నా ఒక్క ఇంట్లోనే ఇట్టా జరగతా ఉండాది, నా రాత ఇంతే అనుకుంటా ఉన్న్యా. ఆ పొద్దు బళ్లో అందురిదీ ఒకటే కత అని తెలిసె. సిగ్గు పోయె. సిగ్గు పోయినాక బయం గూడా పోయె."

మీ నాయన మానేశాడా అని మీరు అడగచ్చు. కొన్నేళ్లు మానేశాడు. 1997 తర్వాత మళ్లీ తాగాడు. కానీ అమ్మ మీద మళ్లీ చెయ్యెత్తలేదు. ఒక్కసారి ఎత్తబోతే అమ్మ వాకిట్లోకి వెళ్లి నిలబడింది. పక్కిళ్ల ఆడవాళ్లు ఒక్కొక్కరే బయటికి వచ్చారు. ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు. నాయన లోపలికి పోయి పడుకున్నాడు. ఆయన బుద్ధి మారిందా అంటే నేను చెప్పలేను. ఆ ఇంట్లో ఆయన ఏం చెయ్యగలడో అది మాత్రం మారింది.


లెక్కల మాస్టారు
సోమవారం, రాత్రి 10:10

నల్లేరు గారూ, నేను ఇన్నాళ్లూ చట్టం వచ్చిన ఏడు, ఎత్తేసిన ఏడు పక్కపక్కన పెట్టి లెక్క వేసేవాణ్ని. ఆ వాకిలి నా లెక్కలో లేదు.


ఇజీనారం
మంగళవారం, ఉదయం 6:40

ఉదయగిరి గారి అమ్మగారికి మా అందరి నమస్కారాలు చెప్పండి.

రాత్రంతా ఇంకో సంగతి తిరుగుతోంది మనసులో. కన్యాశుల్కంలో సుబ్బిని కాపాడింది ఎవరు? చట్టం కాదు, ఉపన్యాసం కాదు, ప్లీడరు సౌజన్యారావు పంతులు గారి మంచితనం కూడా కాదు, ఆయన కథలోకి వచ్చేసరికే సుబ్బి పెళ్లి చెడింది. కాపాడింది ఆమె మేనమామ. కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేయించి లుబ్ధావధాన్లుకి కట్టబెట్టి ఆ పెళ్లి తప్పించాడు. అక్కచెల్లెళ్ల ఇంట్లో జరుగుతున్న అన్యాయంలో బావగారిని ఎదిరించే చనువు మేనమామకే ఉంటుంది. గురజాడకి మన ఇళ్లు ఎంత తెలుసో చూడండి.

గోదారిగట్టు గారూ, మీరు పెళ్లికూతురికి కాదు, పెళ్లికొడుక్కి మేనమామ. అయినా మేనమామే. పెళ్లిలో మీ చేతి మీదుగా జరగాల్సినవి ఉంటాయి. మీరు కాదంటే ఆ ఇంట్లో ఒక్క క్షణమైనా అందరూ ఆగుతారు.


నల్లేరు
మంగళవారం, రాత్రి 11:55

ఈ చర్చలో మనిషి మారడు అని నేను ఎందుకు అంత గట్టిగా అంటున్నానో నాకు నిన్న రాత్రి తెలిసింది. చెప్పకపోతే బాగుండదు.

1994లో నా పెళ్లి. కట్నం తీసుకున్నాను. అప్పటికి నేను కాలేజీలో వక్తృత్వ పోటీల్లో కట్నం మీదే మాట్లాడి బహుమతి తెచ్చుకున్నవాణ్ని. మా నాన్నగారు మాట్లాడుతుంటే నేను పక్క గదిలో ఉన్నాను, తలుపు తీసే ఉంది. నాకు అన్నీ వినబడ్డాయి. బయటికి రాలేదు. మా మామగారు మా ఊరి బస్టాండ్ దాకా నడిచి వెళ్లారు, రిక్షాకి కూడా ఖర్చు పెట్టలేదు. ఈ సంగతి నా భార్య పెళ్లయిన పదేళ్లకి చెప్పింది, ఏదో మాటల్లో, నిష్ఠూరంగా కూడా కాదు.

మనిషి మారడు అంటే నా తప్పు నాది కాకుండా పోతుంది. స్వభావం అనే పెద్ద మాట వెనకాల నిలబడచ్చు. ముప్ఫై ఏళ్లుగా అక్కడే నిలబడ్డాను.

గోదారిగట్టు గారూ, మీ మేనల్లుడు ఆ రోజు ఎక్కడున్నాడు?


గోదారిగట్టు
బుధవారం, ఉదయం 5:20

పక్క గదిలో. తలుపు దగ్గరగా వేసి ఉంది.

ఈ ఆదివారం మళ్లీ కూర్చుంటున్నారు. నేను వెళ్తున్నాను. వకీలు గారూ, ఆ కాగితం మా అక్క బీరువాలో పెట్టింది.


మెతుకుసీమ
బుధవారం, ఉదయం 9:00

ముందు అబ్బాయితో మాట్లాడండి సార్. పెద్దల ముందు మీరు ఒక్కరే మాట్లాడితే అది మామ గొడవ అవుతుంది. వాడు మాట్లాడితే వాడి పెళ్లి అవుతుంది.


గోదారిగట్టు
సోమవారం, రాత్రి 8:45

అందరూ అడుగుతున్నారు కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

శుక్రవారం మేనల్లుడు మా ఇంటికి వచ్చాడు. పుస్తకం ఇవ్వలేదు వాడికి. నల్లేరు గారి పోస్టు ఫోన్లో చదవమని ఇచ్చాను (క్షమించండి నల్లేరు గారూ, మిమ్మల్ని అడగాల్సింది). వాడు చదివి ఫోన్ తిరిగిచ్చి, "ఇంట్లో చెబితే అమ్మ ఏడుస్తుంది మామయ్యా" అన్నాడు. ఏడుస్తుంది అన్నాను.

ఆదివారం వాళ్లందరూ వచ్చారు. వాడు గదిలోంచి బయటికి వచ్చి కూర్చున్నాడు. అదే మొదటి మార్పు, అంతవరకూ నిజం. "నాకు కారు వద్దు, డబ్బూ వద్దు" అన్నాడు. గొంతు సరిగా రాలేదు, రెండోసారి చెప్పాల్సి వచ్చింది. మా బావగారు లేచి పెరట్లోకి వెళ్లిపోయారు. అక్క నా వైపు చూసి "నువ్వే కదరా నేర్పావు" అంది. ఆశ్చర్యం ఏమిటంటే, ఎక్కువ కంగారు పడింది అమ్మాయి తండ్రి. "కాదు బాబూ, రేపు మా అమ్మాయిని ఎవరైనా ఒక మాట అంటే?" అని ఆయనే బతిమాలారు. ఏమీ ఇవ్వకపోతే పిల్లకి అక్కడ విలువ ఉండదని ఆయన భయం. ఆ భయానికి జవాబు నా దగ్గర లేకపోయింది.

రెండు గంటలు సాగింది. కారు తీసేశారు. నగదు తీసేశారు. పొలం అమ్మాయి పేరుమీదే ఉంటుందట, అది ఎంతవరకు నిలబడుతుందో చూడాలి. ఆడపడుచు లాంఛనాలు అలాగే ఉన్నాయి, దాని దగ్గర మా మేనకోడలు పట్టుబట్టింది. కాగితం అడిగాను. అక్క ఇవ్వలేదు. ఇవాళ్టికి నాతో మాట్లాడటం లేదు.


ఉదయగిరి
సోమవారం, రాత్రి 9:30

పెళ్లికి వెళ్తారా సార్?


గోదారిగట్టు
సోమవారం, రాత్రి 9:34

వెళ్తానమ్మా. పిలిచినా పిలవకపోయినా. అమ్మాయి తండ్రి పక్కన కూర్చుంటాను.